నురుగు బెండు, నార తొడుగు

(ఇంట సైకిలు చట్రము చేయు విధమును గూర్చి గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదివిన ప్రసంగపాఠము)



జొన్న కోతలు ముగిసి చొప్ప ఇంటికి చేరిన దినములలో ఈ సీమ పిల్లలు చేయు బొమ్మబండిని ఎరుగనివారు ఈ సభలో ఉండరు. జానెడు దంటును విరిచి, పండ్లతో పై బెరడును ఒలిచి, లోని తెల్లని బెండును ముక్కలుగా త్రుంచి, ఒలిచిన బెరడు చీలికలనే మేకులుగా గ్రుచ్చి, చక్రములును కాడియు గల బండిని క్షణములో నిలబెట్టుదురు. అట్టి బండిని ఒక్కసారి చేసిన పిల్లవానికి ఎవరును చెప్పకయే రెండు సంగతులు తెలియును. బెండు ఒంటిగా నిలువదు. వ్రేలితో నొక్కిన నలిగిపోవును. బెరడును ఒంటిగా నిలువదు. వంచిన చీలిపోవును, చాలదన్నట్లు చేతిని కూడ కోయును. ఆ రెండును కలిసి దంటుగా ఉన్నప్పుడు మాత్రము నిలువెత్తును మించి పెరిగి, తలపై బరువైన కంకిని మోసి, పెనుగాలికి ఊగియు విరుగక నిలుచును.

నేటి ప్రసంగవిషయము సైకిలు చట్రము. నురుగు దిమ్మెను చట్రపు ఆకారమున మలచి, దానిపై గాజు నార గుడ్డనో కార్బన్ నార గుడ్డనో ఎపాక్సీ జిగురుతో చుట్టి, అది గట్టిపడిన పిమ్మట చక్రములు తొడిగి నడపు సైకిళ్లను ఇంటియొద్దనే చేయువారు లోకమున పలుచోట్ల కలరు. జొన్నదంటులోని కిటుకే అందును కలదు. కనుక లోపలి నురుగు దిమ్మెను ఈ ప్రసంగమున బెండు అనియే పిలుచుట సౌకర్యము.

‘పైన పటారం, లోన లొటారం’ అను సామెతను తెలుగువారు నిందకే వాడుదురు. వాకిలి మెరుగుగా నుండి గాదె వట్టిపోయిన ఇంటిని గూర్చిన మాట అది. ఈ చట్రము విషయమున ఆ సామెత తలక్రిందులగును. లోన తేలికయై పైన గట్టిగా నుండుటయే ఇచట గుణము. ఐతే లోనిది తేలికగా నుండవచ్చును గాని తప్పుగా నుండరాదు. బరువు మోయునది తొడుగే. కాని ఆ తొడుగు ఏ ఆకారమున నిలువవలెనో నిర్ణయించునది బెండు. తొడుగు పడిన పిమ్మట బెండు మరల కంటికి కనబడదు, చేతికి అందదు. అందు జరిగిన పొరపాటు లోపలనే ఉండిపోయి, ఒకనాడు గుట్ట వాలున దిగువానికి తెలియవచ్చును.

ఊరి వీధులలో తిరుగు నల్లని ఇనుప సైకిలు సంగతి మొదట చెప్పవలెను. 1949లో మద్రాసున స్థాపింపబడిన టి.ఐ. కర్మాగారపు హెర్క్యులెస్ గాని, తరువాత పంజాబు దేశమునుండి వచ్చిన తక్కినవి గాని, అన్నియు ఒకే కుదురునకు చెందినవి. సన్నని ఉక్కు గొట్టములను సాకెట్లలో దూర్చి ఇత్తడితో అతికిన చట్రము. సైకిలంతయు తూచిన ఇంచుమించు 20 కిలోలు. బరువే గాని నమ్మదగిన సొత్తు. వెనుక క్యారియరుపై బస్తా, ముందు కమ్మిపై బిడ్డ, హ్యాండిలునకు పాలక్యాను, ఇన్నింటితో మెట్టదారిని ముప్పదియేండ్లు నడచిన బండ్లు ఈ జిల్లాలో లెక్కకు మిక్కిలి. విరిగినచో ఏ సంతయూరనైనను అతుకు వేయువాడు దొరకును. ఈ మాట ముందుగా చెప్పుటకు కారణమున్నది. నురుగు బెండు చట్రము ఇనుప చట్రమునకు శత్రువు కాదు. వేరుసెనగ బస్తా మోయవలసినవాడు ఇనుమునే నమ్ముకొనుట మేలు.

మరి నురుగు ఎందులకు? ఇందుకు ఒక చిన్న లెక్క కలదు. ఒక గొట్టమును తీసికొని, దాని గోడ మందమును మార్చక, అడ్డుకొలతను మాత్రము రెట్టింపు చేసినచో పట్టు లోహము రెండింతలు. కాని వంగకుండ నిలుచు బిగువు ఎనిమిదింతలు. అడ్డుకొలతను రెట్టించి గోడను సగమునకు పలుచన చేసినచో బరువు మునుపటంతే, బిగువు నాలుగింతలు. పైసా ఖర్చు లేక నాలుగింతల ఫలమనిన ఎవరికి చేదు? ఐతే ఈ లాభము ఊరక రాదు. గోడ పలుచనగు కొలది అది వంగుటకు ముందే సొట్ట పడును. ఖాళీ నూనెడబ్బాను చేతితో నొక్కిన పడు సొట్ట అట్టిదే. ఆ పలుచని గోడకు లోపల ఆనుకొని నిలుచునదేదైనను ఉన్నచో సొట్ట సులువుగా పడదు. జొన్నదంటున బెండు చేయు పని ఇదియే.

ఆ ఆనువస్తువు బరువెంత? 20 లీటర్ల బిందెడు నీరు 20 కిలోలు తూగును. ఘనమీటరునకు 30 కిలోలు తూగు నురుగును అదే బిందె కొలతకు తీసికొనిన 600 గ్రాములు మాత్రమే. సైకిలు చట్రమునకు బిందెడు నురుగు కూడ పట్టదు. ఇంకొక సౌకర్యము కూడ కలదు. కర్మాగారమున వేయి చట్రములు చేయువారు లోహపు అచ్చులు పోయించుకొందురు. ఒకే ఒక చట్రము కావలసినవానికి అచ్చు ఖర్చు దండుగ. వానికి బెండే అచ్చు.

ఈ ఊహ క్రొత్తది కాదు. ఇంగ్లండున డి హావిలాండ్ వారు చేసిన మస్కిటో యుద్ధవిమానము 1940 నవంబరులో మొదటిసారి ఎగిరినది. దాని దేహము బాల్సా అను మిక్కిలి తేలికైన కొయ్యను నడుమ నుంచి, ఇరువైపుల పలుచని ప్లైవుడ్డును అతికి చేసినది. లోహమునకు కరవు వచ్చిన కాలమున వడ్రంగులును బల్లలు చేయువారును విమానములు చేసిరి. అమెరికాలో బర్ట్ రూటాన్ అను విమానశిల్పి 1975లో ఎగిరించిన వేరీ ఈజీ అను చిన్న విమానమునకు నురుగు దిమ్మెలను వేడి తీగతో కోసి, వానిపై గాజు నారను జిగురుతో పరచు పద్ధతిని ఏర్పరచెను. అచ్చు లేదు, కొలిమి లేదు. ఆయన పటములను కొని, మోటారుకొట్టములలో తమ విమానములను తామే చేసికొన్నవారు అనేకులు. సైకిలు విషయమున, మైక్ బరోస్ రూపకల్పన చేసిన కార్బన్ నార చట్రముగల లోటస్ 108 నెక్కి క్రిస్ బోర్డ్‌మన్ 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో 4000 మీటర్ల పందెమున స్వర్ణపతకము గెలిచెను. గొట్టములు లేక చేప దేహమువలె ఒకే తొడుగుగా నున్న సైకిలును లోకమంతయు అప్పుడు చూచినది.

తెలుగుదేశమున ఈ మర్మము తెలియనిదా? కొండపల్లి బొమ్మను చేతబట్టి చూడుడు. లోపలిది తెల్ల పొణికి కొయ్య. చేతికి బరువే తోచదు. అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడిని రంపపు పొట్టుతో కలిపిన మక్కుతో అతికి, సందులను పూడ్చి, పైన సున్నపు పూత పూసి, పిమ్మట రంగులు దిద్దుదురు. తేలిక బెండు, గట్టి పూత, నడుమ సందు పూడ్చు మక్కు. నురుగు చట్రపు మూడంగములును అందున్నవి. బంగాళాఖాతపు తీరమున చెక్క తెప్పలకు బదులు వచ్చిన ఫైబరు తెప్పలును ఈ కోవలోనివే. ప్రాచీనమున చూతమన్నచో కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుని పేర 12వ శతాబ్దమున వెలసిన మానసోల్లాసమున మైనపు అచ్చుతో విగ్రహములు పోయు విధము వర్ణింపబడియున్నది. మైనముతో మూర్తిని చేసి, మట్టి పూసి, కాల్చి, మైనము కరగిపోయిన చోట లోహమును పోయుట. అచట మైనము పని ముగించుకొని వెడలిపోవును. ఇచట నురుగు లోపలనే నిలుచును. రెండింటను మూర్తి చక్కదనము ముందటి మెత్తని పదార్థమున ఎంత కలదో కడపటి గట్టి పదార్థమునను అంతే. ఒక వీసమైనను ఎక్కువ రాదు.

ఇక పని.

మొదట పటము. చట్రమును నిజప్రమాణమున, అనగా అంగుళమునకు అంగుళముగా, ప్లైవుడ్డు పలకపై గీయవలెను. చిన్న కాగితముపై గీసి మనస్సున పెద్దది చేసికొనుట పనికిరాదు. నాలుగు స్థానములు స్థిరమైనవి: హ్యాండిలు తిరుగు ముందరి గొట్టము, పెడళ్ల ఇరుసు తిరుగు అడ్డుగొట్టము, సీటు కమ్మి దిగు గొట్టము, వెనుక చక్రపు ఇరుసు కూర్చుండు పట్లు. ఇవి నాలుగును లోహముతోనే ఉండవలెను. నురుగున మర చుట్టలు నిలువవు. పాడైన పాత సైకిలునుండి ఈ ముక్కలను కోసి తీసికొనువారు పెక్కుమంది, అది ఉచితమే. వీనిని పటముపై వాని వాని చోట్ల బల్లకు బిగించి, తూకపు గుండు వ్రేలాడదీసి, ముందరి గొట్టమును సీటు గొట్టమును ఒకే నిలువు తలమున ఉన్నవా యని చూడవలెను. ముందరి గొట్టమునుండి దారము లాగి రెండు వెనుక పట్లకును దూరము కొలువగా సమముగా రావలెను. ఇచట ధాన్యపు గింజంత తేడా వచ్చినను సైకిలు ఒక ప్రక్కకు లాగును. సర్వేకొలతలో తొలి రాయి తప్పినచో గట్లన్నియు తప్పినట్లే.

అల్యూమినియపు ముక్కకు కార్బన్ నార నేరుగా తగులరాదు. తడి తగిలినప్పుడు ఆ రెంటి నడుమ విద్యుత్ చర్య పుట్టి అల్యూమినియము పొడిపొడిగా తినబడును. నడుమ ఒక వరుస గాజు నార గుడ్డ ఉన్న చాలును.

పిమ్మట నురుగు ఎంపిక. పెండ్లిపందిళ్లలో అక్షరములు కోయు థర్మోకోల్ అందరికిని తెలిసినదే. అది పూసలు పూసలుగా అతుకుకొని యుండుటచే గీకునప్పుడు పూసలు ఊడి గుంటలు పడును. పట్టణములలో మిద్దెలకు వేడి తగులకుండ పరచు గట్టి పాలీస్టైరీన్ పలకలు దానికంటె మేలు. రంధ్రములు సన్ననివి, గీకిన నునుపు తేలును. మూడవది పాలీయూరిథేన్ నురుగు. ఈ మూడింటి గుణములు తెలియక పనికి దిగినవాడు నష్టపోవును. పాలీస్టైరీన్ జాతిని పడవలవారు వాడు పాలియెస్టరు జిగురు తినివేయును. రాత్రి పూసి పరుండినచో తెల్లవారునప్పటికి బెండు స్థానమున గొయ్యి కనబడును. దానిపై ఎపాక్సీయే వాడవలెను. పెట్రోలును అసిటోనును దాని దరికి రానీయరాదు. పాలీయూరిథేన్ ఏ జిగురునకును లొంగదు గాని దానిని వేడి తీగతో కోయరాదు. వచ్చు పొగ విషము, ప్రాణములకే ముప్పు. దానిని రంపముతోను ఆకురాయితోను మాత్రమే మలచవలెను. అమ్మువాడు ఏ పేరు చెప్పినను నమ్మక, ఒక తునకపై జిగురు చుక్క వేసి మరునాటి వరకు చూచుట లెస్స.

పలకలను ఒకదానిపై నొకటి అతికి దిమ్మె కట్టునప్పుడు ఒక సూక్ష్మము కలదు. జిగురును పలక నడుమనే పూయవలెను; మలచబోవు అంచువరకు రానీయరాదు. గట్టిపడిన జిగురుగీత నురుగుకంటె ఎన్నో రెట్లు కఠినము. ఉప్పు కాగితముతో రుద్దునప్పుడు ఇరుప్రక్కల నురుగు అరిగిపోయి జిగురుగీత మాత్రము గట్టువలె లేచి నిలుచును. దానిని అణచబోయిన కొలది ప్రక్కలు మరింత గుంటలగును.

వేడి తీగ కోత ఈ పనియందు చూడ ముచ్చటైనది. వెదురు విల్లునకు నారికి బదులు సన్నని నైక్రోం తీగను బిగించి, 12 వోల్టుల బ్యాటరీనుండి విద్యుత్తు నిచ్చిన తీగ వేడెక్కును. ఇంటి కరెంటునకు తిన్నగా తగిలించుట ప్రాణాంతకము. అట్టి సాహసము ఎవరును చేయరాదు. తీగ ఎఱ్ఱబారరాదు. వేడి హెచ్చినచో నురుగు కరగి తీగకు ఎడముగా పారిపోయి కోత వెడల్పగును. తగ్గినచో తీగ నడుమ వెనుకబడి విల్లువలె వంగి, అంచులు సరిగానుండి నడుమ ఉబ్బిన బెండు వచ్చును. అంగుళపు కోతకు నాలుగైదు సెకండ్లు పట్టు వేగము మంచిది. పొగ మంచిది కాదు గనుక బయట గాలివాటున నిలిచి కోయవలెను.

దిమ్మెకు ఇరుప్రక్కల నునుపైన పలుచని ప్లైవుడ్డు మాదిరి పలకలను మేకులతో గ్రుచ్చి, తీగను ఆ పలకల అంచున జరుపుదురు. రెండు కొనలయందు ఇద్దరు మనుష్యులు. రెండు మాదిరి పలకలును ఒకే పరిమాణమున ఉండవు. ముందరి గొట్టము వైపు బెండు లావు, సీటు వైపు సన్నము. కనుక రెండు పలకలపైనను ఒకే సంఖ్యగల గుర్తులు పెట్టి, ఒకడు ‘ఒకటి, రెండు, మూడు’ అని పలుకుచుండ ఇద్దరును ఆయా గుర్తులను ఒకేసారి దాటవలెను. లావు వైపువాడు త్వరగా, సన్నము వైపువాడు మెల్లగా. కళ్లమున బంతి తిరుగునప్పుడు మేటిదగ్గరి ఎద్దు చిన్న అడుగులు వేయును, వెలుపలి ఎద్దు పెద్ద అంగలు వేయును, ఐనను రెండును ఒకే వరుసన తిరిగి వచ్చును. ఆ ఎద్దులను తోలినవానికి ఈ కోత నేర్పనక్కరలేదు.

కోసిన దిమ్మె కోణములు కోణములుగా నుండును. దానిని గుండ్రముగా మలచుట చేతిపని. ఇచట తొందరపడినవాడు చెడును. నురుగు మెత్తనిది, ఉప్పు కాగితమును చేతివ్రేళ్లతో పట్టి రుద్దినచో నాలుగు వ్రేళ్లకు నాలుగు చాళ్లు పడును. మూరెడు పొడవుగల తిన్నని పలకకు కాగితమును అంటించి, వడ్రంగి చిత్రిక పట్టినట్లు పొడవునా రుద్దవలెను. ముందు 80 నెంబరు, పిమ్మట 120. రుద్దుట ఏటవాలుగా ఒకసారి, ఎదురు ఏటవాలుగా మరియొకసారి. నిండు వెలుతురున కన్ను మోసపోవును. సంధ్యవేళ దీపమును బెండు ప్రక్కన తగ్గించి పట్టిన గుంటలు నీడలై కనబడును. అంతకంటె మేలైన పరీక్ష కన్నులు మూసికొని అరచేతితో తడవుట. బంగారు నగ చేయువాడైనను కుండ చేయువాడైనను కడకు నమ్ముకొనునది చేతినే.

బెండును పటములోని కొలతకంటె కొంచెము తక్కువగా దింపవలెను. తొడుగు మందము 3 మిల్లీమీటర్లనుకొనిన, ఇరుప్రక్కల కలిసి 6 మిల్లీమీటర్లు బెండునుండి తగ్గింపవలసియుండును. ఈ తీసివేత మరచి పటము కొలతకే బెండును దింపిన చట్రమున వెనుక చక్రము దూరదు.

గుంట ఎందుకు అంత ప్రమాదమని కొందరు అడుగవచ్చును; రంగు వేసిన కనబడదు గదా యని. నార బలమంతయు తిన్నదనమున నున్నది. గుంటపై పరచిన నార గుంటలోనికి దిగి మరల పైకి లేచును. బరువు పడి నార లాగబడినప్పుడు అది ముందు తిన్ననగుటకు చూచును. తిన్ననగుట యనగా బెండును విడిచి పైకి లేచుట. అట్లు జిగురు విడుచును, పొర లేచును, కొంతకాలమునకు ఆ చోట విరుగును. గట్టు ఉన్నచోటను ఇదే గతి. మూల పదునుగా నున్నచో నార దానిపై తిరుగక గాలి విడిచి నిలుచును. కనుక ప్రతి వెలుపలి మూలను చిటికెనవ్రేలి గుండ్రమునకైనను దింపవలెను. లోపలి మూలలను, అనగా రెండు కొమ్మలు కలియు చంకలను, జిగురున తేలికైన గాజు బుడగల పొడి కలిపిన ముద్దతో పూడ్చి నునుపు చేయవలెను. కొండపల్లివారి మక్కు ఇదియే. చింతగింజ స్థానమున ఎపాక్సీ, రంపపుపొట్టు స్థానమున గాజుపొడి.

చట్రమంతటను ఎక్కువ శ్రద్ధకు తగినచోటు ముందరి గొట్టము వెనుక భాగము. చక్రము రాతికి కొట్టుకొన్నప్పుడు ముందరి ఫోర్కు గడ్డపారవలె ఆ గొట్టమును పెకలించుటకు చూచును. నడపువాని ప్రాణము ఆ అడుగు పొడవున నిలిచియున్నది. అచట బెండును వీలైనంత లావుగాను, వంపులు మెల్లమెల్లగా తిరుగునట్లును దింపవలెను. అందముకొరకు అచట నడుము సన్నము చేయుట అవివేకము.

తొడుగు సంగతి క్లుప్తముగా చెప్పిన చాలును. నేత ఎరిగిన సీమకు అది కష్టము కాదు. ధర్మవరపు మగ్గమున పడుగు ఒక దిక్కు, పేక ఒక దిక్కు. ఆ గుడ్డను పడుగు పొడవున లాగిన సాగదు; మూలగా లాగిన సాగును. నార గుడ్డకును అదే గుణము. వంగుటకు ఎదురు నిలుచుటకు నారను చట్రము పొడవున పరచవలెను. పెడలు తొక్కునప్పుడు కలుగు మెలికకు ఎదురు నిలుచుటకు మూలగా పరచవలెను. మూలగా కోసిన గుడ్డ వంపులపై ముడుతలు లేక అమరును కూడ. ముందు బెండుపై గాజుపొడి కలిపిన పలుచని జిగురును రుద్ది రంధ్రములు మూసినచో తొడుగు జిగురు వృథాగా లోనికి ఇంకదు. కార్బన్ తేలిక, బిగువు. కాని విరుగునప్పుడు చెప్పక విరుగును. గాజు నార కొంత బరువు. కాని విరుగుటకు ముందు వంగి హెచ్చరించును. మొదటి చట్రము చేయువానికి గాజు నారయే తగినది. జిగురు చర్మమునకు తగిలిన కొందరికి జీవితాంతము పోని దురద పట్టును, చేతితొడుగులు తప్పనిసరి. గట్టిపడిన నారను రుద్దునప్పుడు ముక్కునకు గుడ్డ కూడ కావలెను.

ఇక ఈ సీమకే ప్రత్యేకమైన విషయము ఎండ. సాలీనా వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మే నెలలో నీడనే 40 డిగ్రీలు దాటును. శీతదేశములలో వ్రాసిన పుస్తకములను ఇచట అక్షరాల అనుసరింపరాదు. జిగురు రెండు పాళ్లు కలిసిన క్షణమునుండియే వేడి పుట్టించును. పది డిగ్రీల ఎండ హెచ్చిన పనికి దొరకు సమయము ఇంచుమించు సగమగును. పెద్ద గిన్నెలో కలిపి పెట్టిన జిగురు తన వేడికి తానే ఉడికి పొగలెగయును. కనుక కోడి కూసిన వేళ పని మొదలిడి, కొద్దికొద్దిగా వెడల్పు పళ్లెరమున కలిపి, ఎండ ముదురకముందే చుట్టుట ముగింపవలెను. త్వరగా గట్టిపడునని రెండవ పాలు హెచ్చుగా పోయుట మన్నింపరాని తప్పు. అది గట్టిపడదు, బలహీనపడును. డబ్బాపై వ్రాసిన పాళ్లను కంసాలి తూకముతో తూచి కలుపవలెను.

పని ముగిసిన తరువాతను ఎండ విడువదు. ఇంటియొద్ద మామూలు వేడిమిలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీలకే మెత్తబడ మొదలిడును. నల్లని కార్బన్ చట్రమును సంతలో మధ్యాహ్నపుటెండకు నిలిపిన దాని పైభాగము 60 డిగ్రీలు దాటుట వింత కాదు. ఉదయము రాయివలె నున్న చట్రము ఆ వేళ జీవము కోల్పోవచ్చును. రూటాన్ తన విమానములకు తెల్లరంగే వేయవలెనని విధించుటకు ఇదియే కారణము. ఈ సీమలో నల్లని చట్రము నల్లగా మెరయవలెనను మోజును విడిచి తెల్లని రంగు వేయవలెను. రంగు వేయకముందు చట్రమును క్రమక్రమముగా వేడిచేసి కొన్ని గంటలుంచిన జిగురు మరికొంత వేడికి తాళును. ఐతే పాలీస్టైరీన్ బెండు 80 డిగ్రీల దరిదాపులనే కుంగ మొదలిడును గనుక అంతకు చాల దిగువనే ఆగవలెను. బెండుకూడ పనికి ముందు ఎండన పడియుండరాదు. ఒక ప్రక్క వేడెక్కిన దిమ్మె వంకరపోవును.

పలువురు మోహపడు మాట ఒకటి కలదు: లోని బెండును అసిటోనుతో కరగించి తీసివేసినచో ఇంకను తేలికయగును గదా యని. అగును, పావుకిలోయో అరకిలోయో. దానికై మంటకు భయపడవలసిన ద్రవమును ఇంట ఒలికించి, ఆనుగా నున్న బెండును పోగొట్టుకొని, లోపల అంటిన జిడ్డును కడుగలేక బాధపడుట లాభసాటి బేరముగా కానరాదు.

నురుగు పొడిని గాలికి విడువరాదు. మట్టిలో కలియదు, నీటిలో మునుగదు. మేకలు చొప్పతో కలిపి తినును. గోతాము పరచి దానిపైననే రుద్ది, పొడిని మూట కట్టి ఉంచవలెను. దానిని కాల్చుటయు తగదు.

చట్రము చేసినవాడు దానిపై ఎక్కకముందు ఇసుక నెక్కింపవలెను. వెనుక పట్లును ముందరి ఫోర్కును దృఢముగా నిలిపి, సీటు గొట్టమునుండి నడపువాని బరువునకు రెండింతలకు తక్కువ కాకుండ ఇసుక బస్తాలు వ్రేలాడదీసి, నేలనుండి అడ్డుగొట్టము ఎత్తును కొలిచి వ్రాసికొని, ఒక రాత్రి ఉంచి, బస్తాలు దింపి మరల కొలువవలెను. కొలత మునుపటికి తిరిగి రానిచో ఆ చట్రము నడుపుటకు తగదు. పిమ్మట ముందరి గొట్టమును వెనుకకును ముందునకును బలముగా లాగి చూడవలెను. అటుపై కొన్నాళ్లు ఊరి చెరువు గట్టు వంటి తిన్ననిచోట మెల్లగా నడపి, దినదినము రూపాయి బిళ్లతో చట్రమంతటిని తట్టవలెను. ముఖ్యముగా ముందరి గొట్టము చంకన, పెడళ్ల అడ్డుగొట్టము క్రింద, వెనుక కొమ్మలు చీలుచోట. పొర బాగుగా అంటియున్నచోట టకటకమని స్పష్టముగా పలుకును. లేచినచోట బొదబొదమని మందముగా పలుకును. అట్టిచోటు దొరికిన సుద్దముక్కతో చుట్టు గీసి, కోసి మరల కట్టునంతవరకు సైకిలును గోడకు చేర్చి ఉంచవలెను.